ఓజీ లేని సబ్బాత్ సబ్బాతేనా? డియో పాడిన ‘హెవెన్ అండ్ హెల్’ మీద చర్చ

రిఫ్‌రాజా (హైదరాబాద్)

అందరికీ నమస్తే. మా ఆఫీసులో ఒకడున్నాడు, హెవీ మెటల్ బాగానే వింటాడు గానీ, బ్రిటన్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ మొదటి సింగర్ ఓజీ ఆస్బోర్న్‌కి భక్తుడు. “ఓజీ లేని బ్లాక్ సబ్బాత్ నాకు బ్లాక్ సబ్బాతే కాదు” అని తేల్చేశాడు. పోనీ ఓజీ తర్వాత వచ్చిన డియో పాడిన ‘హెవెన్ అండ్ హెల్’ ఆల్బమ్ ఒక్కసారైనా విన్నావా అంటే, అక్కర్లేదన్నాడు. వినకుండానే తీర్పు! నన్నడిగితే సబ్బాత్ ఆల్బమ్‌లలో మొదటి మూడింట్లో అది ఉంటుంది. ఎందుకో చెప్తాను, నచ్చకపోతే తిట్టండి.

ముందు 1978లో వచ్చిన ‘నెవర్ సే డై’ వినండి. ఎవరికీ ఎవరితోనూ పొసగని బ్యాండ్ అది, ఆ సంగతి పాటల్లోనే తెలిసిపోతుంది. అమెరికా చార్టులో 69 దగ్గర ఆగింది. 1979 ఏప్రిల్‌లో ఓజీని తీసేశారు. ఆ మాట వెళ్ళి చెప్పే పని డ్రమ్మర్ బిల్ వార్డ్ నెత్తిన పడింది. అప్పటికే రెయిన్‌బో బ్యాండ్ నుంచి బయటికొచ్చేసిన రోనీ జేమ్స్ డియో లోపలికొచ్చాడు. 1980 ఏప్రిల్‌లో ఆల్బమ్ వచ్చింది. బ్రిటన్‌లో 9, అమెరికాలో 28.

అసలు విషయం చార్టులు కాదు. ‘ఐరన్ మ్యాన్’ గుర్తు తెచ్చుకోండి. గిటార్ ఏ స్వరం మీదికి వెళ్తే ఓజీ గొంతూ అక్కడికే వెళ్తుంది, రెండూ అతుక్కుని నడుస్తాయి. డియో అలా కాదు. రిఫ్ (గిటార్ మీద మళ్ళీ మళ్ళీ వచ్చే వరస) ఒక దారిన పోతుంటే తన పాట ఇంకో దారిన పోతుంది. ఈ తేడా గిటారిస్ట్ టోనీ అయోమీ కూడా చెప్పాడు. ‘హెవెన్ అండ్ హెల్’ టైటిల్ పాటలో చరణం మొదలవగానే ఏమవుతుందో గమనించండి. అంత పెద్ద రిఫ్ వాయించిన అయోమీ పక్కకి తప్పుకుంటాడు. కింద గీజర్ బట్లర్ బేస్ ఒక్కటే నడుస్తుంటుంది, గిటార్ అక్కడక్కడా ఓ మూలుగు మూలిగి ఊరుకుంటుంది. ఖాళీ అంతా డియోది. ఓజీ ఉన్నప్పుడు అయోమీ అంత జాగా ఎప్పుడో గానీ వదల్లేదు. కొత్త గొంతు వచ్చిందని బ్యాండ్ పాట కట్టే పద్ధతే మార్చుకుంది. అందుకే ఆ ఆల్బమ్ నిలబడింది. నా వాదన అంతే.

కోఠి క్యాసెట్ (హైదరాబాద్)

రాజా, బాగా రాశావు. ఆల్బమ్ గొప్పదే, కాదనను. కానీ నీ వాదన నీకే ఎదురు తిరుగుతోంది చూడు. పద్ధతి మారింది, గొంతు మారింది అంటున్నావు. మరి మాటలో? ఓజీ ఉన్న రోజుల్లో పాటల్లో మాటలు ఎక్కువ భాగం రాసింది గీజర్. ‘వార్ పిగ్స్’ రాసిన చెయ్యి అది. యుద్ధాలకి పంపే పెద్దల మీద కోపం, ఫ్యాక్టరీ ఊళ్ళో బతుకు, మత్తు, భయం. ఇందులో మాటలన్నీ డియోవి. ఇంద్రధనుస్సులూ రాజులూ మంత్రగత్తెలూ. గొంతు పోయింది, మాట పోయింది, పాట కట్టే తీరూ పోయిందంటే ఇంక మిగిలిందేంటి? పేరు.

సబ్బాత్ అంటే బర్మింగ్‌హామ్‌లో ఆస్టన్ నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళు. రేకుల ఫ్యాక్టరీలో ఆఖరి రోజు పనికెళ్ళి కుడి చేతి రెండు వేళ్ళ చివర్లు తెగ్గొట్టుకున్న అయోమీ, ప్లాస్టిక్ సీసా కరిగించి ఆ వేళ్ళకి తొడుగులు చేసుకుని మళ్ళీ గిటార్ పట్టాడు. తీగలు వదులు చేసి వాయించాడు. ఆ బరువైన మోత అక్కణ్ణుంచి వచ్చింది. దాని మీద ఓజీ ఏడుపు గొంతు. ఆ రెండూ కలిస్తేనే సబ్బాత్. ‘హెవెన్ అండ్ హెల్’ చాలా మంచి బ్యాండ్ చేసిన మొదటి ఆల్బమ్, అంతే.

సరోజ బేస్ (విశాఖపట్నం)

కోఠి అన్నా, ఆ మాటలు రాసే పని గీజర్ మోసింది ఇంకెవరూ ముందుకు రాకపోవడం వల్ల. డియో వచ్చి ఆ బరువు తీసుకుంటే ఆయనకి హాయిగానే ఉంది. లాక్కున్నట్టు మాట్లాడుతున్నారు మీరు.

నేను బేస్ వాయిస్తాను కాబట్టి ఇంకో సంగతి. ఈ ఆల్బమ్ తయారవుతున్నప్పుడు గీజర్ మధ్యలో కొన్నాళ్ళు లేడు. పెళ్ళి విడిపోయే గొడవల్లో ఇంగ్లాండ్ వెళ్ళిపోయాడు. క్వార్ట్జ్ బ్యాండ్ నుంచి వచ్చిన జెఫ్ నికోల్స్ అప్పుడు బేస్ పట్టుకున్నాడు, గీజర్ తిరిగొచ్చాక కీబోర్డుకి మారాడు. మయామీలో అద్దెకి తీసుకున్న ఇంట్లో (బీ జీస్ బ్యారీ గిబ్‌ది) కూర్చుని పాటలు కట్టారు, అక్కడే క్రైటీరియా స్టూడియోలో రికార్డ్ చేశారు, ఇంకొంత పారిస్‌లో ఫెర్బర్ స్టూడియోలో. సింగర్ కొత్త, బేసిస్ట్ ఉన్నాడో లేడో తెలియదు, డ్రమ్మర్ మందులో మునిగున్నాడు. అలాంటి చోట ఇంత పొందికైన ఆల్బమ్ రావడమే నాకు ఆశ్చర్యం. ‘నియాన్ నైట్స్’ అయితే ఆల్బమ్ నిడివి చాలక పారిస్‌లో ఆఖర్న కట్టిన పాట. అదే మొదటి పాటగా పెట్టారు!

గీజర్ వాయింపు వినండి. రిఫ్‌ని నకలు కొట్టడం తగ్గించి, గొంతుకీ గిటార్‌కీ మధ్య తిరుగుతాడు. బేస్ నేర్చుకునేవాళ్ళకి ఓజీ పాడిన ‘పారనాయిడ్’ ఆల్బమ్ కంటే ఇందులోనే ఎక్కువ దొరుకుతుంది.

డల్లాస్ శ్రీను

1980 అనగానే అందరూ ఇంకో ఆల్బమ్ ఎలా మర్చిపోయారు? ‘బ్యాక్ ఇన్ బ్లాక్’! ఏసీ/డీసీ సింగర్ బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న లండన్‌లో పోయాడు, 33 ఏళ్ళు. జులై 25న కొత్త సింగర్‌తో ఆల్బమ్ షాపుల్లో ఉంది. అంటే సంతాపం, వెతుకులాట, రాయడం, రికార్డింగ్, ముద్రణ అన్నీ ఐదు నెలల్లోనే. అట్ట మొత్తం నల్లగా ఉండటం బాన్ కోసమే. అమెరికాలోనే రెండున్నర కోట్లకి పైగా సర్టిఫై అయింది.

ఆ కొత్త సింగర్ బ్రయన్ జాన్సన్ న్యూకాసిల్ మనిషి, జోర్డీ అనే బ్యాండ్‌లో పాడేవాడు. బాన్ స్కాట్ తన పాత బ్యాండ్‌తో ఇంగ్లాండ్‌లో తిరిగేటప్పుడు వీళ్ళ షో చూశాడు. స్టేజి మీద కింద పడి దొర్లుతూ కేకలు పెడుతున్న బ్రయన్‌ని చూసి ముచ్చటపడి ఏసీ/డీసీ గిటారిస్టులు యంగ్ అన్నదమ్ములకి చెప్పాడు. ఆ రోజు బ్రయన్‌కి అపెండిసైటిస్ నొప్పి అట! అంటే తన తర్వాత ఎవరన్నది ఒకరకంగా బానే చెప్పిపోయాడు.

రాజా గారి సిద్ధాంతం ఇక్కడ పనిచేస్తుందా అంటే, నాకు డౌటే. ఏసీ/డీసీ పాట కట్టే పద్ధతి ఏం మారింది? అవే కార్డ్‌లు, అదే డ్రమ్ దెబ్బ. ‘హైవే టు హెల్’ చేసిన మట్ లాంగే మళ్ళీ ప్రొడ్యూసర్. మారింది గొంతొక్కటే.

రిఫ్‌రాజా

శ్రీను గారూ, మంచి పాయింట్. కానీ బాన్ పాటలు ఒకసారి పక్కన పెట్టి వినండి. బాన్ కథలు చెప్తాడు, కన్ను కొడుతూ మాట్లాడినట్టు పాడతాడు. బ్రయన్‌ది పై స్థాయిలో ఒకటే కేక. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’లో రిఫ్‌లు మధ్యలో ఆగి ఆ కేకకి చోటిస్తాయి. టైటిల్ పాటలో గిటార్ మూడు దెబ్బలు కొట్టి ఊపిరి పీల్చుకుంటుంది చూడండి. అంత ఖాళీ ‘హైవే టు హెల్’ ఆల్బమ్‌లో తక్కువ. చిన్న మార్పే, కాదనను.

డల్లాస్ శ్రీను

ఆ గంట గురించి కూడా చెప్పాలి. ‘బ్యాక్ ఇన్ బ్లాక్’లో ‘హెల్స్ బెల్స్’ పాట మొదట్లో మోగేది. బహామాస్‌లో నాసో దగ్గర కంపాస్ పాయింట్ స్టూడియోలో ఆల్బమ్ రికార్డ్ చేశారు, గంట మాత్రం ఇంగ్లాండ్‌ది. లఫ్‌బరోలో యుద్ధ స్మారక గంటల గోపురం దగ్గర ముందు ప్రయత్నిస్తే, గంట కొట్టినప్పుడల్లా లోపలున్న పక్షులు టపటపా ఎగిరి ఆ చప్పుడంతా టేపులోకి వచ్చేది. ఇక లాభం లేదని, బ్యాండ్ కోసం పోత పోయించిన గంటనే జాన్ టేలర్ ఫౌండ్రీలో రికార్డ్ చేశారు, దాదాపు టన్ను బరువు. టూర్‌లో కూడా అదే వేలాడదీశారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మొదటి దెబ్బ వినండి, దాని తోక ఎంతసేపు సాగుతుందో.

పార్థసారథి (రాజమండ్రి)

మీ రాక్ సంగీతం నాకు మా అబ్బాయి పుణ్యమా అని తెలిసింది, పెద్దగా పరిచయం లేదు. అయినా ఒక మాట. 1974లో ఘంటసాల గారు పోయినప్పుడు ఇక రామారావుకీ నాగేశ్వరరావుకీ పాడేదెవరని తెలుగు దేశమంతా బెంగపడింది. బాలు వచ్చి ఆయనకి ఒకలా, ఈయనకి ఒకలా గొంతు సర్దుకుని పాడాడు. జనం మొదట్లో పెదవి విరిచారు, తర్వాత నెత్తిన పెట్టుకున్నారు. గొంతు మారితే కొంప మునగదు బాబూ.

కోఠి క్యాసెట్

పార్థసారథి గారూ, నమస్కారం. కానీ అది వేరండి. అక్కడ తెర మీద ముఖం రామారావుది, గొంతు ఎవరిదైనా ముఖం మారలేదు. ఇక్కడ ముఖమే మారింది. పైగా ఘంటసాల గారిని ఎవరూ తీసెయ్యలేదు కదా. ఓజీని గెంటేశారు. ఏసీ/డీసీ మీద నాకు కోపం లేనిది అందుకే.

సరోజ బేస్

గెంటేసినందువల్ల ఓజీకి నష్టమేం జరిగిందన్నా? అదే 1980లో గిటారిస్ట్ ర్యాండీ రోడ్స్‌ని పక్కన పెట్టుకుని ‘బ్లిజార్డ్ ఆఫ్ ఓజ్’ తెచ్చాడు. ఒక చెడిపోయిన బ్యాండ్ నుంచి రెండు మంచి బ్యాండ్‌లు వచ్చాయి. శ్రోతగా నాకు లాభమే.

కీస్ కిరణ్ (బెంగళూరు)

1980 లెక్కలో మూడోది కూడా వేసుకోండి, యెస్ బ్యాండ్ ‘డ్రామా’. సింగర్ జాన్ ఆండర్సన్, కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్ ఇద్దరూ వెళ్ళిపోయారు. వాళ్ళ బదులు ఎవరొచ్చారంటే ది బగుల్స్ అనే పాప్ జోడీ! 1979లో ‘వీడియో కిల్డ్ ది రేడియో స్టార్’తో హిట్ కొట్టిన ట్రెవర్ హార్న్, జెఫ్ డౌన్స్. ఇరవై నిమిషాల పాటలు వాయించే బ్యాండ్‌లోకి మూడు నిమిషాల పాప్ కుర్రాళ్ళు. విన్నవాళ్ళు నవ్వారు. ఆల్బమ్ మాత్రం బ్రిటన్‌లో 2, అమెరికాలో 18.

‘డ్రామా’ చాలా గట్టి ఆల్బమ్. ‘మెషీన్ మెసయ్య’ మొదటి నిమిషం సబ్బాత్ అనుకుంటారు తెలియనివాళ్ళు. గిటార్ మీద స్టీవ్ హౌ, బేస్ మీద క్రిస్ స్క్వయర్ అంత కోపంగా వాయించడం అంతకుముందు లేదు. కానీ టూర్‌కి వెళ్ళగానే కథ అడ్డం తిరిగింది. ఆండర్సన్ గొంతు సహజంగానే పైన ఉంటుంది. పాత పాటలు అదే శ్రుతిలో రోజూ పాడేసరికి హార్న్ గొంతు పట్టేసింది. ఇంగ్లాండ్‌లో జనం గోల చేశారు. ఆ తర్వాత బ్యాండ్ విడిపోయింది. హార్న్ ప్రొడ్యూసర్‌గా స్థిరపడ్డాడు, 1983లో మళ్ళీ యెస్‌కే ‘90125’ చేశాడు, ఆండర్సన్ పాడగా! అందులో ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’ అమెరికాలో నంబర్ వన్.

అంతటితో అయిపోలేదు. 2008లో ఆండర్సన్‌కి ఊపిరి సమస్య వస్తే ఆయన కోలుకునేదాకా ఆగకుండా బెన్వా డేవిడ్ అనే కెనడా సింగర్‌ని తెచ్చారు. యెస్ పాటలే పాడే ట్రిబ్యూట్ బ్యాండ్‌లోంచి. 2011లో అతనితో ‘ఫ్లై ఫ్రమ్ హియర్’ చేశారు, ప్రొడ్యూసర్ మళ్ళీ హార్నే. 2018లో అదే ఆల్బమ్‌ని హార్న్ గొంతుతో తిరిగి విడుదల చేశారు. బెన్వా డేవిడ్ పాడినదంతా తుడిచేసి! రెండూ పక్కపక్కన పెట్టి వింటే సింగర్ మారితే ఏం మారుతుందో తెలుస్తుంది, మిగతాది చాలావరకు అదే కాబట్టి. నాకు హార్న్‌దే నచ్చింది. పాటలు అతని గొంతుకి పుట్టినవి. డేవిడ్ ఎంత బాగా పాడినా వేరేవాళ్ళ చొక్కా వేసుకున్నట్టే ఉంటుంది.

హాస్టల్ హెడ్‌బ్యాంగర్ (వరంగల్)

అన్నలూ, అక్కలూ, మీ 1980 బాగానే ఉంది గానీ లింకిన్ పార్క్ సంగతేంటి? వాళ్ళ సింగర్ చెస్టర్ 2017లో పోయాడు. 2024లో కొత్త సింగర్ ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో ‘ఫ్రమ్ జీరో’. మా హాస్టల్ రెండు ముక్కలైంది. ఒక రూమ్‌లో అది పెడితే పక్క రూమ్‌వాడు చెస్టర్ పాడిన ‘ఇన్ ది ఎండ్’ ఇంకా గట్టిగా పెడతాడు.

నిర్వాహకుడు

లింకిన్ పార్క్ మీద ఇప్పటికే వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి తమ్ముడూ. ఇక్కడ పాత బ్యాండ్‌లకే పరిమితం అవుదాం. వ్యక్తిగత దూషణలు లేకుండా ఇంతదూరం వచ్చినందుకు అందరికీ థ్యాంక్స్. ఐరన్ మెయిడెన్ మాట రాకముందే అంటున్నాను.

హాస్టల్ హెడ్‌బ్యాంగర్

సరే అన్నా. అయితే జర్నీ బ్యాండ్. వాళ్ళ గిటారిస్ట్ నీల్ షాన్ 2007లో యూట్యూబ్‌లో ఫిలిప్పీన్స్ సింగర్ ఆర్నెల్ పినేడా వీడియోలు చూసి పిలిపించాడు. 2008లో ‘రెవలేషన్’, అమెరికాలో 5వ స్థానం. పినేడా అచ్చం వాళ్ళ పాత సింగర్ స్టీవ్ పెర్రీలా పాడతాడు, అందుకే తీసుకున్నారు. కొత్త గొంతుకి కొత్త పాట అనే రాజా అన్న సిద్ధాంతం ఇక్కడ తుస్సు.

రిఫ్‌రాజా

తుస్సు కాదు తమ్ముడూ. ‘రెవలేషన్’తో పాటు ఇంకో డిస్క్ ఇచ్చారు గుర్తుందా? పాత హిట్లన్నీ పినేడా గొంతుతో మళ్ళీ పాడించినవి. జనం డబ్బులు పెట్టింది దేనికంటావు? టూర్‌కి టికెట్లు తెగాయి, మంచిదే. ఆ ఆల్బమ్‌లోని కొత్త పాట ఒకటి పేరు చెప్పు, వెతక్కుండా.

హాస్టల్ హెడ్‌బ్యాంగర్

...వెతికాక చెప్తా.

టేప్ రీల్ (చెన్నై)

ఇందాకటి నుంచి చదువుతున్నాను. అందరూ సింగర్, గిటారిస్ట్ అంటున్నారు, గాజు గది వెనకాల కూర్చున్నవాణ్ణి ఎవరూ తల్చుకోలేదు. మార్టిన్ బర్చ్. డీప్ పర్పుల్ బ్యాండ్ సింగర్ ఇయన్ గిలన్‌ని తెచ్చుకుని 1970లో ‘ఇన్ రాక్’ చేసింది, ఇంజనీర్లలో బర్చ్ ఒకడు. 1973లో గిలన్ బ్యాండ్ వదిలేస్తే డేవిడ్ కవర్‌డేల్ వచ్చాడు, 1974లో ‘బర్న్’ వచ్చింది, ఇంజనీర్ బర్చ్. 1980లో ‘హెవెన్ అండ్ హెల్’, ప్రొడ్యూసర్ బర్చ్. 1982లో ఐరన్ మెయిడెన్‌లో పాల్ డియానో బదులు బ్రూస్ డికిన్సన్, ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’, ప్రొడ్యూసర్ బర్చ్. సింగర్ మారిన నాలుగు ఆల్బమ్‌లు, నాలుగూ ఆ బ్యాండ్‌ల చరిత్రలో పెద్దవే, నాలుగింట్లోనూ ఈయనే. రెయిన్‌బో రికార్డులు చేసినవాడు కాబట్టి డియో గొంతు ఎక్కడ బాగుంటుందో, ఎంత దగ్గరగా పెట్టాలో అప్పటికే తెలుసు. సబ్బాత్ పాత ఆల్బమ్‌లలో ఓజీ గొంతు గిటార్ గోడలో ఒక ఇటుకలా ఉంటుంది. ఇందులో గొంతు ముందుకొచ్చి నిలబడింది. అది మిక్స్‌లో తీసుకున్న నిర్ణయం, రాతలో మాత్రమే కాదు.

మరి ప్రొడ్యూసర్‌కి సింగర్ గొంతు పట్టుబడకపోతే ఏమవుతుందో చూడాలంటే మెయిడెన్ 1995 ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ వినండి. అప్పటికి బర్చ్ రిటైరయ్యాడు.

డల్లాస్ శ్రీను

డికిన్సన్ బదులు మెయిడెన్‌లోకి వచ్చిన బ్లేజ్ బేలీ మాట ఎత్తారు, నిర్వాహకుడు గారు భయపడ్డట్టే. అతనికి జరిగింది అన్యాయం. బ్లేజ్‌ది కింది స్థాయి గొంతు, బరువైనది. డికిన్సన్ పాటలు స్టేజి మీద అదే శ్రుతిలో పాడమన్నారు, ట్యూనింగ్ అరమెట్టు కూడా దించలేదు. రాత్రి తర్వాత రాత్రి గొంతు చించుకున్నాడు, జనం తిట్టారు. కిరణ్ చెప్పిన హార్న్ కథే ఇది. కానీ ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’లో ‘సైన్ ఆఫ్ ది క్రాస్’ వినండి, చీకట్లోంచి వచ్చినట్టుండే ఆ పాట బ్లేజ్ గొంతు కోసం కట్టిందే. డికిన్సన్ తిరిగొచ్చాక కూడా దాన్ని, ‘ది క్లాన్స్‌మన్’నీ వదల్లేదు, స్టేజి మీద పాడుతూనే వచ్చాడు. పాటలు చెడ్డవైతే అలా చేస్తాడా?

సరోజ బేస్

శ్రీను గారూ, ఇప్పుడు మీరే రాజా గారి వైపు వచ్చేశారు 😄

స్టూడియోలో కొత్త సింగర్‌కి తగ్గట్టు పాట కట్టొచ్చు. స్టేజి మీద మాత్రం పాత పాటలు పాడక తప్పదు, టికెట్ కొన్నది వాటికోసమే. నలభై నిమిషాల ఆల్బమ్ గెలిచినా రెండు గంటల షోలో ఓడిపోవచ్చు. డియో రెండు చోట్లా గెలిచాడు, ఎందుకంటే ‘వార్ పిగ్స్’ కూడా తనలాగే పాడాడు, ఓజీ అభిమానులు మొహం మాడ్చుకున్నా సరే. ఆ టూర్‌లో ఓజీ చూపే శాంతి గుర్తు తను వాడకూడదని, వాళ్ళ అమ్మమ్మ దిష్టి తియ్యడానికి చూపించే కొమ్ముల గుర్తు ఎత్తాడు. ఇవాళ లోకమంతా ఎత్తుతోంది.

కీస్ కిరణ్

పేరు సంగతి ఎవరూ తేల్చలేదు. 2006లో అయోమీ, గీజర్, డియో, డ్రమ్మర్ విన్నీ అపీస్ మళ్ళీ కలిసినప్పుడు బ్యాండ్‌కి ‘హెవెన్ అండ్ హెల్’ అని పేరు పెట్టుకున్నారు, సబ్బాత్ అనలేదు. ఆ పేరుతోనే 2009లో ‘ది డెవిల్ యూ నో’ ఆల్బమ్. క్వీన్ వాళ్ళూ అంతే, పాల్ రాడ్జర్స్‌తో 2008లో ‘ది కాస్మోస్ రాక్స్’ చేసినప్పుడు అట్ట మీద ‘క్వీన్ ప్లస్ పాల్ రాడ్జర్స్’ అని వేశారు. మర్యాదగా ఉంది.

కోఠి క్యాసెట్

అదీ! నేను మొదట్నుంచీ అంటున్నది అదే. వాళ్ళే ఒప్పుకున్నారు.

రిఫ్‌రాజా

అన్నా, 1980లో, 81లో, 92లో మూడు ఆల్బమ్‌లకి సబ్బాత్ అనే పేరే పెట్టారు కదా. 2006కి ఓజీతో ఉన్న పాత నలుగురూ టూర్లు తిరిగేశారు, పేరు కలవకూడదని మార్చారు. అది వ్యాపారం. దాన్ని పట్టుకుని 81లో వచ్చిన ‘మాబ్ రూల్స్’ సబ్బాత్ కాదంటే ఎలా?

టేప్ రీల్

పేరు మీద ఎంతైనా కొట్టుకోవచ్చు. నా లెక్క మాత్రం అయోమీ ఉన్నదల్లా సబ్బాతే. మొదటి ఆల్బమ్ నుంచి చివరిదాకా ఒక్క రికార్డూ వదలకుండా ఉన్నది ఆయనొక్కడే.

కోఠి క్యాసెట్

ఆ లెక్కన 80ల చివర్లో టోనీ మార్టిన్ పాడినవి కూడా సబ్బాతేనా? సరే, ‘హెడ్‌లెస్ క్రాస్’ బాగుంటుందిలే, దాని జోలికి వెళ్ళను.

2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ స్టేడియంలో ఓజీతో సహా మొదటి నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. ఓజీ నిలబడలేక సింహాసనం లాంటి కుర్చీలో కూర్చునే పాడాడు. పదిహేడు రోజులకి పోయాడు. ఆ షో చూశాక నాకు ఎవరేం చెప్పినా ఎక్కదు. మీరు వాదించుకోండి.

రిఫ్‌రాజా

ఆ షో చూసి నేనూ ఏడ్చాను అన్నా, దాంతో పేచీ లేదు. ఈ ఆదివారం ‘హెవెన్ అండ్ హెల్’లోంచి ‘డై యంగ్’, ‘లోన్లీ ఈజ్ ది వర్డ్’ రెండే వినండి, అంతే అడుగుతున్నా. రెండో దాని చివర అయోమీ సోలో మాత్రం మధ్యలో ఆపకండి.

కోఠి క్యాసెట్

‘డై యంగ్’ నా దగ్గర క్యాసెట్‌లో ఉంది, బీ సైడ్ అరిగిపోయింది. ఎందుకు అరిగిందని అడక్కు.

హాస్టల్ హెడ్‌బ్యాంగర్

‘నెవర్ వాక్ అవే’!! జర్నీ పాట! దొరికింది రాజా అన్నా. కొత్తదే. బాగుంది కూడా.